ముట్టుకాడులో పండుగప్పకి బ్లేడ్ జిగ్ వేస్తున్నా, నాలుగు ఉదయాలైనా ఒక్క చేప లేదు

ఈసీఆర్_వంశీ
శనివారం, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. ఉండేది చెన్నైలోని షోలింగనల్లూరు, గాలం పట్టి రెండేళ్లయింది. ఇన్నాళ్లూ బతికున్న రొయ్యతోనే పట్టాను. ఈ మధ్య వీడియోల్లో అమెరికా వాళ్లు బాస్ చేపకి వాడే బ్లేడ్ జిగ్ చూశాను, అదే చాటర్‌బెయిట్ అంటారు కదా, జిగ్ అంటే బరువైన తల ఉన్న హుక్, ఆ తల ముందు ఆరు మూలల రేకు ఒకటి ఉండి లాగుతుంటే దడదడమని కొట్టుకునేది. వానలకి ముట్టుకాడు ఉప్పుటేరు నీళ్లు ఇప్పుడు టీ రంగులో ఉన్నాయి, కళ్లకి కనిపించకపోయినా అదురు తెలుస్తుంది కదా అని రెండు కొన్నాను. నాలుగు రోజులు వరసగా ఉదయం ఐదున్నరకల్లా వెళ్లాను. ఏమీ లేదు. ఒక్కసారి మాత్రం టక్‌మని తగిలింది, నేను గట్టిగా లాగేసరికి ఖాళీ.

నా సామాను చెబుతాను. 7 అడుగుల మీడియం హెవీ (కాస్త గట్టి) రాడ్, 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), అర ఔన్స్ జిగ్, అంటే 14 గ్రాములు. హుక్ చుట్టూ తెల్ల కుచ్చు, అదే స్కర్ట్, వెనక తోక ఊపే తెల్ల రబ్బరు చేప, అదే ప్యాడిల్ టెయిల్. పండుగప్ప లైన్ కోసేస్తుందని భయపడి లైన్ చివర జానెడు స్టీల్ వైర్ లీడర్ కూడా పెట్టాను. రీల్ బాగా వేగంగానే తిప్పుతున్నా, రేకు కొట్టుకోవాలి కదా. తప్పెక్కడుందో చెప్పండి, ఆఫీసుకి నిద్రకళ్లతో వెళ్తున్నా ఈ ఎరని వదలబుద్ధి కావడం లేదు.

మద్రాస్_గాలం
శనివారం, ఉదయం 11:15

వంశీ, రెండు ప్రశ్నలు. లాగుతున్నప్పుడు రాడ్ కొన అదురుతోందా? వైర్ లీడర్‌ని జిగ్‌కి ఎలా తగిలించావు?

ఈసీఆర్_వంశీ
శనివారం, ఉదయం 11:32

అన్నా, కొన కాస్త ఊగుతుంది కానీ వీడియోలో చూపించినంత లేదు. జిగ్‌కి ముందే చిన్న స్నాప్ (తగిలించే కొక్కెం) ఉంది, దానికి ఇంకో స్వివెల్ స్నాప్ (గిరగిరా తిరిగే కొక్కెం) తగిలించి, దానికి వైర్.

మద్రాస్_గాలం
శనివారం, మధ్యాహ్నం 12:50

నీ ఎర చచ్చిపోయింది అక్కడే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు, ఎందుకంటే ఈ తప్పు నేనూ ఒక సీజన్ మొత్తం చేశాను, అప్పుడు చెప్పేవాళ్లు లేరు.

ఈ రేకు పనిచేసే తీరు చూడు. రేకు జిగ్ కంటికి, అంటే ముందున్న బెజ్జానికి, నేరుగా తగిలి ఉంటుంది, నీళ్లు దాని మీద పడి ఒక పక్కకి తోస్తాయి, అది జిగ్ తలకి కొట్టుకుని ఆగి రెండో పక్కకి వెళ్తుంది, అలా సెకనుకి ఎన్నోసార్లు. వెనకున్న జిగ్, స్కర్ట్, ట్రెయిలర్ (వెనక తగిలించే రబ్బరు చేప) అన్నీ ఆ కుదుపుకి ఊగుతాయి. ఇదంతా జరగాలంటే రేకు ముందు భాగం తేలిగ్గా, స్వేచ్ఛగా ఉండాలి. నువ్వు దాని ముందు ఒక స్వివెల్, ఇంకో స్నాప్, వంగని వైర్ పెట్టావు. బరువు ముందుకి పడి రేకు తిరగాల్సిన కోణం పోయింది. కంపెనీ వాడు ఇచ్చిన స్నాప్ చాలు, లీడర్ దానికే ముడి వెయ్యి. వైర్ పూర్తిగా తీసెయ్యి. పండుగప్పకి కోసే పళ్లు లేవు, నోరు గరుకు కాగితంలా ఉంటుంది, కోసేది చెంప మీది మొప్ప రేకు. దానికి 40 పౌండ్ల ఫ్లూరోకార్బన్ లైన్ రెండు మూడు అడుగులు చాలు. బ్రెయిడ్‌కి లీడర్‌కి మధ్య ఎఫ్‌జీ ముడి నేర్చుకో, గైడుల్లోంచి సాఫీగా పోతుంది.

రెండోది వేగం. వేగంగా తిప్పితే ఎర పైకి లేచి నీళ్ల మీదకి వచ్చేస్తుంది, లేదా ఒక పక్కకి పడిపోయి గిరగిరా తిరుగుతుంది. పడగానే లైన్ బిగించి రాడ్‌ని ఒక్కసారి చిన్నగా లాగు, దాంతో రేకు మొదలవుతుంది. ఆ తర్వాత అదురు ఆగిపోకుండా ఎంత నెమ్మదిగా తిప్పగలవో అంత నెమ్మదిగా తిప్పు.

మూడోది అసలు విషయం. అదురు ఉందా లేదా అన్నది కాదు, అదురులో మార్పుని చెయ్యి గమనించాలి. ఉన్నట్టుండి అదురు ఆగిందంటే రేకుకి నాచు చుట్టుకుంది, లేదా చేప నోట్లోకి తీసుకుంది. రెంటికీ తేడా చెయ్యే నేర్చుకుంటుంది, రాసి చెప్పలేను. నీకు టక్‌మని తగిలిన రోజు, తగలడానికి ముందు అదురు ఉందో లేదో గుర్తుందా?

ఈసీఆర్_వంశీ
శనివారం, మధ్యాహ్నం 1:05

గుర్తు లేదన్నా. అదురు కోసం చెయ్యి పెట్టి చూడనే లేదు. వైర్ ఇప్పుడే తీసేశాను.

డల్లాస్_సుబ్బు
శనివారం, సాయంత్రం 6:20

నేను వేలచ్చేరిలో పెరిగి ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నాను, ప్రతి డిసెంబరు ఇంటికి వస్తాను. ఇక్కడ లేక్ ఫోర్క్ లాంటి చెరువుల్లో పదేళ్లుగా ఈ ఎర వేస్తున్నా కాబట్టి ఇది పుట్టిన చోటు సంగతి చెబుతాను. ఇది సౌత్ కరోలినాలో మొదలైంది, రాన్ డేవిస్ అనే ఆయన ర్యాడ్ లూర్స్ పేరుతో చేశాడు. 2006లో ఫ్లోరిడాలోని ఓకీచోబీ సరస్సులో బ్రయన్ థ్రిఫ్ట్ దీంతో టోర్నమెంట్ గెలిచాక దేశమంతా దీని వెంట పడింది. తర్వాత జీ-మ్యాన్ కంపెనీ చేతికి వచ్చింది. ఇప్పుడు అందరూ చెప్పే జాక్ హ్యామర్, బ్రెట్ హైట్ చెయ్యి పెట్టి తయారుచేయించిన మోడల్.

ఓకీచోబీ ఎందుకంటే అదంతా లోతు తక్కువ, గడ్డి ఎక్కువ. బాస్ ఆ గడ్డి అంచుల్లో నక్కి ఉంటుంది. ఎరని గడ్డి తలల మీదుగా లాగుతూ, తగులుకున్నప్పుడు రాడ్‌ని గట్టిగా విదిలిస్తారు, అది గడ్డిలోంచి తెగి బయటికి దూకినట్టు వస్తుంది, నాకు పడిన మంచి చేపల్లో సగానికి పైగా ఆ క్షణంలోనే పడ్డాయి. చేపకి అది పారిపోతున్న చిన్న చేపలా అనిపిస్తుందేమో. ఊరికే ఒకే వేగంతో లాగుతూ ఉంటే వెనకే వచ్చి చూసి తిరిగిపోయేవి చాలా ఉంటాయి. నాలుగు చుట్లు, అర సెకను ఆపు, మళ్లీ ఒక విదిలింపు. ముట్టుకాడులో గడ్డి లేకపోయినా ఈ ఆపడం, విదిలించడం చెయ్యి వంశీ.

చేపలశాస్త్రం
శనివారం, రాత్రి 9:10

ఒక మాట, కొత్తవాళ్లు గందరగోళపడకుండా. సుబ్బు గారు చెప్పే బాస్, మన పండుగప్ప ఒకటి కావు. లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప, సన్‌ఫిష్ కుటుంబం. మనది లేటిస్ కాల్కరిఫర్, ఇంగ్లీషులో ఏషియన్ సీబాస్, ఆస్ట్రేలియాలో బారముండి, బెంగాల్లో భెట్కి, ఇక్కడ తమిళంలో కొడువా. ఇది ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరుగుతుంది, గుడ్లు పెట్టడానికి సముద్రం వైపు, మొగల (ఏరు సముద్రంలో కలిసే చోట్ల) దగ్గరికి వస్తుంది. పేరులో బాస్ ఉన్నంత మాత్రాన అన్ని అలవాట్లూ ఒకటని అనుకోవద్దు.

కానీ వేటాడే పద్ధతిలో పోలిక ఉంది. రెండూ మాటు వేసి నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్లతో సహా ఎరని పీల్చుకుంటాయి. రెంటికీ ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత కనిపిస్తుంది, నీళ్లలో కదలికని పసిగట్టేది అదే. బురద నీళ్లలో కళ్ల కంటే ముందు ఆ గీతే ఎర సంగతి చెబుతుంది. అందుకే బ్లేడ్ జిగ్ ఎంచుకోవడంలో వంశీ ఆలోచన సరైనదే.

ఇంకొకటి. పండుగప్పలు చాలావరకు మగవిగా మొదలై పెద్దయ్యాక ఆడవిగా మారతాయి. అంటే మీకు పడే చాలా పెద్ద చేప దాదాపు ఎప్పుడూ గుడ్లు పెట్టే తల్లి. ఫోటో తీసుకుని వదిలెయ్యండి. తినాలంటే చెరువుల్లో పెంచినవి బజార్లో దొరుకుతున్నాయి. ఆ పెంపకానికి పిల్లల్ని హ్యాచరీలో పుట్టించే పని మన దేశంలో మొదట సాధించింది మన చెన్నైలోనే ఉన్న సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ), 1997లో. వాళ్ల ప్రయోగ కేంద్రం ముట్టుకాడులోనే ఉంది, మీరు గాలం వేసే నీళ్ల పక్కనే.

అడయార్_రవళి
ఆదివారం, ఉదయం 8:05

నేను గాలం అన్నతో ఒక విషయంలో ఒప్పుకోను, రాడ్ గురించి ఆయన ఏమీ అనలేదు. మీడియం హెవీ గ్రాఫైట్ రాడ్, సాగని బ్రెయిడ్, ఈ రెండూ కలిస్తే టక్‌మన్న మరుక్షణం ఎర చేప నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది. వంశీకి జరిగింది అదే అని నా నమ్మకం. ఎర కదులుతూ ఉండగా చేప పీలుస్తుంది, దానికి అర క్షణం కావాలి. మెత్తగా వంగే రాడ్ ఆ అర క్షణం ఇస్తుంది. నేను గ్లాస్ కలిసిన కాంపోజిట్ రాడ్‌కి మారాక తప్పిపోయేవి బాగా తగ్గాయి. అమెరికాలో బాస్ పట్టేవాళ్లు కూడా ఈ ఎరకి గ్లాస్ రాడ్ వాడడం చూస్తాం కదా సుబ్బు గారూ?

డల్లాస్_సుబ్బు
ఆదివారం, ఉదయం 8:40

వాడతారు రవళి గారూ, చాలామంది. కానీ దట్టమైన గడ్డిలో ఎర తగులుకున్నప్పుడు మెత్తటి రాడ్‌తో విదిలిస్తే రాడ్ వంగుతుందే తప్ప ఎర కదలదు, అక్కడ నేను గ్రాఫైటే పట్టుకుంటాను. ఇక్కడ ఎక్కువమంది 15 నుంచి 20 పౌండ్ల ఫ్లూరోకార్బన్ నేరుగా రీల్ మీదే చుడతారు, అది కాస్త సాగుతుంది కాబట్టి గట్టి రాడ్‌తో కూడా నడిచిపోతుంది.

మద్రాస్_గాలం
ఆదివారం, ఉదయం 9:30

రవళీ, నువ్వు చెప్పింది నిజమే, కానీ అందరూ కొత్త రాడ్ కొనలేరు. ఉన్న రాడ్‌తోనే చేసే మార్గం చెబుతాను. రాడ్ కొనని నీళ్ల వైపు ఎర దిశలో పెట్టకు, పక్కకి పెట్టు, డ్రాగ్ (చేప లాగితే లైన్ జారనిచ్చే రీల్ బిగింపు) కొంచెం వదులు చెయ్యి. టక్‌మనగానే పైకి గుంజకు. తిప్పడం ఆపకుండా బరువు చేతికి తెలిసేదాకా తిప్పి, అప్పుడు రాడ్‌ని పక్కకి ఈడ్చు. మొదటి టక్‌కి చెయ్యి ఆపుకోవడమే కష్టం, రొయ్యతో పట్టిన చెయ్యి అలవాటుగా గుంజేస్తుంది.

అడయార్_రవళి
ఆదివారం, ఉదయం 9:48

అది ఒప్పుకుంటాను. హుక్ సంగతి కూడా చెప్పండి. బాస్ కోసం చేసిన తేలికపాటి జిగ్‌లలో హుక్ సన్నగా ఉంటుంది. పోయిన ఏడాది నా చేతిలో పండుగప్ప ఒకటి కట్ట రాళ్ల వైపు పరిగెత్తింది, నేను డ్రాగ్ బిగించాను, హుక్ తిన్నగా సాగిపోయి ఎర వెనక్కి వచ్చింది. ఆ రోజు ఇంటికి వెళ్లి ఏడ్చినంత పని చేశాను. ఇప్పుడు మందపాటి హుక్ ఉన్నదే కొంటాను, అర ఔన్స్ లేదా ముప్పావు ఔన్స్.

పులికాట్_అల
ఆదివారం, మధ్యాహ్నం 2:30

సామాను గురించి మీరందరూ బాగా చెప్పారు. నీళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. మాది పులికాట్ ఒడ్డు, తాతల నాటి నుంచి వల మీద బతికిన ఇల్లు, నేను ఉద్యోగం కోసం తండయార్‌పేట వచ్చాను.

వంశీ బాబూ, ఐదున్నరకి వెళ్లానన్నావు. గడియారం చూసి వెళ్లావు, పోటూ పాటూ చూసి వెళ్లలేదు. చెన్నై దగ్గర సముద్రం ఎక్కేది దిగేది తక్కువే, అమావాస్యకి పౌర్ణమికి కూడా సుమారు ఒక మీటరే. అంత తక్కువ కాబట్టే ఆ కాస్త కదలికని వదులుకోకూడదు. నీళ్లు నిలబడి ఉన్న గంటలో నువ్వు బంగారు ఎర వేసినా పండుగప్ప లేవదు. పాటు మొదలై లోపలి పిల్ల కాలువల నుంచి నీళ్లు బయటికి జారేటప్పుడు రొయ్య పిల్లలూ మడవై చేప పిల్లలూ వాటితో వస్తాయి, పండుగప్ప ఆ సందు మూల దగ్గర, స్తంభం వెనక, నీళ్ల జోరు తగలని చోట ముఖం జోరుకి ఎదురుపెట్టి నిలబడుతుంది. ఎర ఎప్పుడూ దాని ముఖం వైపుకి జోరుతో పాటు రావాలి. వెనక నుంచి వచ్చే చిన్న చేపని అది నమ్మదు.

ముట్టుకాడు మొగ ఎండాకాలం ఇసుక మేటతో మూసుకుపోతుంది, అప్పుడు పోటూ పాటూ లోపలికి సరిగా రావు. ఇప్పుడు ఈశాన్య రుతుపవనానికి తెరుచుకుని ఉంది, మంచి రోజులు ఇవే. సముద్రం దగ్గర పాటు మొదలైన టైముకి లోపల మొదలవదు, ఆలస్యం ఉంటుంది. ఒకరోజు గాలం లేకుండా వెళ్లి ఒక పుల్ల గుచ్చి చూసుకో, నీళ్లు ఎప్పుడు వెనక్కి తిరుగుతాయో.

మా పులికాట్ వైపు వచ్చేవాళ్లకి ఒక మనవి. అక్కడ పాడు పద్ధతి ఉంది, ఏ రోజు ఏ చోట ఎవరు వల కట్టాలో వంతుల ప్రకారం నడుస్తుంది. ఖాళీగా కనిపించిన చోటల్లా ఖాళీ కాదు. ఎర విసిరే ముందు ఒడ్డున ఉన్నవాళ్లని అడగండి, తెలుగులో అడిగినా జవాబు చెబుతారు. వల తాడుకి మీ జిగ్ తగులుకుని తాడు కోశారంటే ఒక ఇంటి ఆ రోజు కూలి పోయినట్టు.

ఈసీఆర్_వంశీ
ఆదివారం, మధ్యాహ్నం 3:15

అల గారూ, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నాలుగు రోజులూ వంతెనకి ఎగువన నిలబడి నీళ్లు వచ్చే వైపుకి ఎదురుగా లాగాను. అంటే చేప తోక వైపు నుంచి. రేపు సెలవు పెట్టాను.

కొర్రమీను_కిట్టు
ఆదివారం, సాయంత్రం 5:50

బెంగళూరు నుంచి. మాకు సముద్రం లేదు, ఊరి చివర చెరువుల్లో కొర్రమీను కోసం అడుగుతున్నా. గుర్రపు డెక్క నిండిన చెరువులో ఇది పనిచేస్తుందా? లేక కప్ప ఎరే మేలా?

మద్రాస్_గాలం
ఆదివారం, సాయంత్రం 6:25

డెక్క మీద కప్ప ఎరే కిట్టూ, సందేహం లేదు. బ్లేడ్ జిగ్ హుక్ బయటికి ఉంటుంది, డెక్క వేళ్లలో రెండు గజాలు కూడా రాదు. కానీ డెక్క అంచు వెంబడి, ఖాళీ నీళ్ల వైపు, దానికి సమాంతరంగా లాగి చూడు. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది కదా, బుడగ కనిపించిన చోటుకి రెండు మూడు గజాలు అవతల వేసి దాని మీదుగా తీసుకురా. నలుపు నీలం కలిసిన స్కర్ట్ బురద చెరువులో నాకు బాగా పడింది. ఎర్రటి పిల్లల గుంపు పైన కనిపిస్తే మాత్రం అక్కడ వెయ్యొద్దు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, కోపంతో ఏది వేసినా కొడతాయి, వాటిని తీసేస్తే ఆ గుంపు మొత్తం మిగతా చేపలకి మేత అయిపోతుంది. చెరువు లీజుకి ఎవరు తీసుకున్నారో కనుక్కుని అడిగే వెళ్లు.

ఈసీఆర్_వంశీ
సోమవారం, మధ్యాహ్నం 12:10

ముందుగా మంచి వార్త. అదురు వచ్చింది! వైర్ తీసి 40 పౌండ్ల లీడర్ నేరుగా స్నాప్‌కి కట్టి మొదటి విసురు వేసి చిన్నగా లాగగానే రాడ్ పిడి దాకా తెలిసింది, సైకిల్ చక్రానికి అట్టముక్క తగిలితే వచ్చే అదురులా. నాలుగు రోజులు నేను లాగింది ఉత్త ఇనప ముక్క అని అప్పుడు అర్థమైంది. రెండో జిగ్ మాత్రం ఎలా కట్టినా అదరలేదు. అది ఒక దుకాణంలో సగం ధరకి కొన్నది, రేకు బెజ్జం మరీ బిగుతుగా ఉంది, పక్కలకి కదలడం లేదు. దాన్ని పక్కన పెట్టేశాను.

పుల్ల గుచ్చి చూశాను. నీళ్లు తిరిగేసరికి ఎనిమిది దాటింది. అప్పటిదాకా కూర్చున్నా. తిరిగిన అరగంటకి మూల దగ్గర అదురు ఒక్కసారిగా ఆగిపోయింది. నాచు అనుకున్నా. విదిలించాను. అది నాచు కాదు, పక్కకి పరిగెత్తింది, నీళ్లలోంచి సగం పైకి లేచి తల విదిలించింది, వెండిలా మెరిసింది, అంతే, లైన్ వదులైపోయింది. ఎర ఉంది, చేప లేదు. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

అడయార్_రవళి
సోమవారం, మధ్యాహ్నం 12:30

చేప గాల్లోకి ఎగిరినప్పుడు రాడ్ పైకి ఎత్తి ఉంచావా? అది ఎగరబోతోందని లైన్ పైకి లేవడం చూసి తెలుస్తుంది, వెంటనే రాడ్ కొనని నీళ్లలోకి దించెయ్యాలి. బరువైన జిగ్‌ని తల విదిలింపుతో విసిరి పారెయ్యడం దానికి బాగా తెలుసు. లీడర్ చివరి జానెడు వేలితో తడిమి చూడు, గరుకుగా ఉంటే కోసి మళ్లీ కట్టు. హుక్ మొన గోటి మీద పెట్టు, జారిపోతే సాన పట్టు.

ఈసీఆర్_వంశీ
సోమవారం, మధ్యాహ్నం 12:41

పైకే ఎత్తానండి. లీడర్ గరుకుగానే ఉంది. కోసేస్తున్నా.

డల్లాస్_సుబ్బు
సోమవారం, రాత్రి 7:00

మంచి పురోగతి వంశీ. ట్రెయిలర్ గురించి ఒక మాట. పెద్ద ప్యాడిల్ టెయిల్ పెడితే అది తన ఊపుతో రేకు ఊపుని తగ్గిస్తుంది, ఎర పైకి కూడా లేస్తుంది. తోక చీలినట్టుండే సన్నటి చేప బొమ్మ పెట్టి చూడు, రేకు స్వేచ్ఛగా కొట్టుకుంటుంది, అప్పుడప్పుడు ఎర తనంతట తానే ఒక పక్కకి దూకి మళ్లీ దారిలోకి వస్తుంది, ఆ దూకుడే బాస్‌ని రెచ్చగొడుతుంది. జీ-మ్యాన్ వాళ్ల ఎలాజ్‌టెక్ రకం అయితే బాగా సాగుతుంది, చిరగదు. కానీ దాన్ని మామూలు ప్లాస్టిక్ ఎరలతో ఒకే డబ్బాలో పెట్టొద్దు, రెండూ కరిగి ముద్దవుతాయి. నాకు ఒక డబ్బా మొత్తం పోయింది.

ఈసీఆర్_వంశీ
గురువారం, ఉదయం 11:25

పడింది.

ఈ ఉదయం. నీళ్లు తిరిగాక మూడో విసురు. స్తంభానికి ఎగువన వేసి జోరుతో పాటు కిందికి రానిచ్చాను, అదురు పోకుండా తిప్పుతూ స్తంభం దాటుతుండగా ఒక్కసారి ఆపి విదిలించాను. అదురు పోయింది. ఈసారి గుంజలేదు, తిప్పుతూనే ఉన్నా, రెండు చుట్లకి బరువు తెలిసింది, పక్కకి ఈడ్చాను. లైన్ పైకి లేవడం కనిపించగానే కొన నీళ్లలోకి దించాను. రెండుసార్లు ఎగరబోయి సగంలోనే ఆగింది. లిప్ గ్రిప్‌తో కింది దవడ పట్టుకుని, చెయ్యి తడిపి పొట్ట కింద పెట్టాను. టేపు పెడితే 61 సెంటీమీటర్లు. హుక్ పై దవడ మూలలో ఉంది. నీళ్లలో నిలబెట్టి పట్టుకుంటే ఒక నిమిషానికి తోక విసిరి నా మొహం మీద నీళ్లు కొట్టి వెళ్లిపోయింది. ఫోటో తీసింది పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన, రాత్రికి పెడతాను.

అల గారూ, ఆ పుల్ల ఇంకా అక్కడే ఉంది.

పులికాట్_అల
గురువారం, మధ్యాహ్నం 1:40

చాలా సంతోషం బాబూ. ఆ పుల్ల మీద ఈ రోజు నీళ్లు ఎంతవరకు వచ్చాయో చాకుతో గీత పెట్టు, పక్కన తిథి కూడా ఎక్కడైనా రాసుకో. నెల తిరిగేసరికి నీకు క్యాలెండర్ అక్కర్లేదు.

మద్రాస్_గాలం
గురువారం, మధ్యాహ్నం 2:05

శభాష్ వంశీ. ఇంటికి వెళ్లగానే జిగ్‌ని మంచినీళ్లలో ముంచి కడిగి, ట్రెయిలర్ తీసేసి ఆరబెట్టు. ఈ ఎర మంచినీటి చేప కోసం చేసింది, ఉప్పు నీళ్లకి స్నాప్ ముందు తుప్పు పడుతుంది, తర్వాత రేకు బెజ్జం దగ్గర. నేను రెండు మూడు ట్రిప్పులకి ఒక స్నాప్ మార్చేస్తాను. రీల్‌ని నీళ్ల ధార కింద పెట్టొద్దు, తడి గుడ్డతో తుడువు.

కొర్రమీను_కిట్టు
గురువారం, సాయంత్రం 4:30

వంశీ బ్రో, అభినందనలు. ఆ స్తంభం దగ్గర లోతు ఎంత ఉంటుంది? మా చెరువు కట్ట దగ్గర నాలుగడుగులే, అర ఔన్స్ నేలకి తగులుతుందని భయంగా ఉంది.

ఈసీఆర్_వంశీ
గురువారం, సాయంత్రం 4:52

స్తంభం దగ్గర సుమారు ఏడెనిమిది అడుగులు కిట్టూ. నాలుగడుగులకి పావు ఔన్స్ కానీ, 3/8 ఔన్స్ కానీ తీసుకో, పడిన వెంటనే తిప్పడం మొదలుపెట్టు, రాడ్ కొన కాస్త పైకి ఉంచు. ఆదివారం మళ్లీ వెళ్తున్నా, పాటు మొదలయ్యే టైముకి. రవళి గారు కూడా వస్తానన్నారు, ఇంకెవరైనా వస్తే ఇక్కడ చెప్పండి.